సముద్రం లేని జంషెడ్‌పూర్‌లో సెక్స్‌టెంట్, క్యాలిక్యులేటర్

సూర్యుడు, నక్షత్రాల ఎత్తును బట్టి మనమున్న చోటును తేల్చడమే ఖగోళ నౌకాయానం. కొలవడం సెక్స్‌టెంట్ పని. లెక్క కోసం ఒకప్పుడు లావుపాటి పట్టికల పుస్తకాలు తిరగేసేవారు. 1974లో ప్రోగ్రామ్‌ను అయస్కాంత కార్డులో దాచుకునే హెచ్‌పీ-65 వచ్చింది. తర్వాత టీఐ-59, హెచ్‌పీ-41సీలకు నౌకాయాన మాడ్యూళ్లే విడిగా అమ్మారు.

జీపీఎస్ వచ్చాక ఇదంతా పాత సరుకైందనుకున్నారు. కానీ ఆ సంకేతాలను జామ్ చేయడం కష్టం కాదు. ఈ విద్యను పక్కనపెట్టిన అమెరికా నావికా అకాడమీ 2015లో మళ్లీ బోధించడం మొదలుపెట్టింది.

క్యాలిక్యులేటర్‌లో ఉండే సూత్రం ఒక్కటే:

సైన్(ఎత్తు) = సైన్(అక్షాంశం) × సైన్(క్రాంతి) + కాస్(అక్షాంశం) × కాస్(క్రాంతి) × కాస్(హోరాకోణం)

క్రాంతి అంటే ఖగోళ మధ్యరేఖకు సూర్యుడు ఎంత ఉత్తరాన లేదా దక్షిణాన ఉన్నాడన్నది. హోరాకోణం అంటే మన మధ్యాహ్న రేఖను దాటి ఎంత జరిగాడన్నది, గంటకు 15 డిగ్రీల చొప్పున. ఈ విలువలకు ఆధారం పంచాంగం లాంటి వార్షిక పట్టిక. మన దేశంలో దాన్ని కోల్‌కతాలోని పొజిషనల్ ఆస్ట్రానమీ సెంటర్ ప్రచురిస్తుంది.

జంషెడ్‌పూర్ (22.8 ఉత్తరం, 86.2 తూర్పు)లో సాధన చేయాలంటే దిగంతరేఖ కనబడదు. పళ్లెంలో నూనె పోసి, అందులోని ప్రతిబింబానికీ అసలు సూర్యుడికీ మధ్య కోణం కొలిచి సగం చేయాలి. ఇక్కడే చిక్కు. సెక్స్‌టెంట్లు చాలావరకు 120 డిగ్రీలకు కాస్త అటూఇటూ ఆగిపోతాయి. అంటే 60 డిగ్రీలకు మించిన ఎత్తు అందదు. కాబట్టి సులువైన మధ్యాహ్న కొలత ఈ ఊళ్లో అక్టోబరు మధ్య నుంచి మార్చి మొదటి రోజుల దాకానే కుదురుతుంది. మిగతా కాలమంతా ఉదయమో సాయంత్రమో కొలవాలి. అప్పుడే పై సూత్రం అవసరమవుతుంది.

విషువత్తు నాడు క్రాంతి సున్నా అనుకుందాం. సూర్యుడు మధ్యాహ్న రేఖ దాటిన 2 గంటలకు హోరాకోణం 30 డిగ్రీలు. లెక్క ప్రకారం ఎత్తు 52°58′. వక్రీభవనం వంటి సవరణలన్నీ చేశాక కొలత 52°56′ వచ్చిందంటే, మనం ఊహించిన చోటు కంటే 2 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 3.7 కి.మీ., సూర్యుడికి అవతలి వైపు ఉన్నట్టు. ఇలా ఒక కొలతకు ఒక గీతే దొరుకుతుంది. చోటు తేలాలంటే ఇంకో కొలత గీత దాన్ని ఖండించాలి.

తప్పులు సూత్రంలో కంటే మీటల దగ్గరే ఎక్కువ. 22°48′ను దశాంశంలోకి మార్చకుండా 22.48 అని కొడితే ఊహించిన చోటే 35 కి.మీ. దక్షిణానికి జారిపోతుంది. రేడియన్ మోడ్‌లో మరిచిపోతే సమాధానానికి అర్థమే ఉండదు. అది నయం, వెంటనే తెలిసిపోతుంది. గడియారం తప్పు అలా బయటపడదు. 4 సెకన్ల తేడా ఉంటే రేఖాంశం ఒక నిమిషం కదులుతుంది, జంషెడ్‌పూర్ దగ్గర అది 1.7 కి.మీ.