దాఖలా రిజిస్టర్‌లో మన తారీఖ్



ఈ మధ్య మా కస్బాకు వెళ్లినప్పుడు, నేను అలిఫ్ బే నేర్చుకున్న సర్కారీ ఉర్దూ మీడియం ప్రైమరీ స్కూలుకు వెళ్లాను. సద్ర్ సాబ్ చాయ్ తెప్పించి, నేను చేరిన ఏడాది దాఖలా రిజిస్టర్ తీసి ముందు పెట్టారు. నా పేరు వెతుక్కుంటూ పక్క ఖానా దగ్గర ఆగిపోయాను. అక్కడ మా అబ్బాల పేషాలు ఉన్నాయి: కచేరీ గుమాస్తా, పోలీసు జవాను, దర్జీ, కిరాణా దుకాణం, రిక్షా. తర్వాత ఈ ఏడాది రిజిస్టర్ చూశాను. ఆటో, వెల్డింగ్, మెకానిక్, కూలీ, మళ్లీ కూలీ. గుమాస్తా కొడుకు ఒక్కడూ లేడు. సగానికి పైగా ఆడపిల్లలే. "మగపిల్లల్ని ఫీజు కట్టి ప్రైవేటుకు పంపుతారు భాయ్, ఆడపిల్లల్ని ఇక్కడ వేస్తారు" అన్నారాయన.

నతీజాలు వచ్చినప్పుడల్లా "ఉర్దూ మీడియం పిల్లలు వెనకబడ్డారు" అని ఖబర్ రాస్తాం. నేనూ రాశాను. ఆ రోజు రిజిస్టర్ ముందు కూర్చున్నాక ఆ ఖబర్లో సగమే నిజం ఉందనిపించింది.

మిగతా సగం కోసం కాస్త వెనక్కి వెళ్లాలి. నిజాం రియాసత్‌లో 1880 దశకంలో ఫార్సీ స్థానంలో ఉర్దూ సర్కారీ జబాన్ అయింది. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ వచ్చింది. దారుల్ తర్జుమా కితాబులు తయారుచేసి ఇస్తే డాక్టరీ, ఇంజనీరింగ్ కూడా ఉర్దూలోనే చెప్పారు. మన బుజుర్గులు ఇప్పటికీ ఫఖర్‌తో చెప్పుకునే మాట ఇది. ఫఖర్ సరే, ఇన్సాఫ్ మాటేమిటి? ఆ రియాసత్‌లో దాదాపు సగం మంది మాదరీ జబాన్ తెలుగు. చదువు పైకి వెళ్లేకొద్దీ ఆ పిల్లలు ఇంట్లో వినని జబాన్‌లో ఇంతిహాన్ రాయాలి. 1921లో హైదరాబాద్‌లో ఒక సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి ఆపేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి సదారత్‌లో ఆంధ్ర మహాసభ జరిగింది.

ఆ బరువు మోస్తూనే కొందరు పైకొచ్చారు. హనుమాజీపేట నుంచి వచ్చిన సి. నారాయణరెడ్డి బి.ఏ. దాకా ఉర్దూ మీడియంలోనే చదివి, తెలుగులో అంత పెద్ద షాయర్ అయ్యారు. ఉర్దూ మీడియంలో చదివి తెలుగు డిగ్రీ చేసిన నాలాంటి వాడికి ఆయన పేరు పెద్ద ధైర్యం. కానీ ఒక్క సినారెను చూపించి, మధ్యలో బస్తా పడేసిన వేల పిల్లల్ని మరిచిపోలేం.

1948 తర్వాత తరాజూ తిరగబడింది. 1956లో రాజ్యాంగంలో 350-ఎ అధికరణ చేరింది. ప్రైమరీ చదువు మాదరీ జబాన్‌లో అందేలా సర్కారు ఏర్పాట్లు చేయాలని అది చెబుతుంది. కాగితం మీద మన హక్కు పదిలం. నౌకరీ మాత్రం తెలుగుకు, తర్వాత ఇంగ్లీషుకు వెళ్లిపోయింది. చేతిలో నాలుగు పైసలున్న ఖాందాన్ ముందుగా ఉర్దూ స్కూలు వదిలింది. లేనివాళ్లు మిగిలారు. రిజిస్టర్‌లో గుమాస్తా మాయమైన కథ ఇదే.

2006లో సచార్ కమిటీ రిపోర్ట్ వచ్చింది. మదర్సాల్లో చదివే ముస్లిం పిల్లలు నాలుగు శాతమేనని తేల్చింది. అంటే మనవాళ్లలో ఎక్కువమంది భరోసా పెట్టింది మామూలు స్కూళ్ల మీదే. 2001 లెక్కల్లో దేశంలో ముస్లింల అక్షరాస్యత 59.1 శాతం, దేశ సగటు 64.8. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం మనవాళ్లది 68 శాతం, రాష్ట్ర సగటు 60.5! ఈ అంకె చూసి ఖుష్ అవకండి. మన ఆబాదీలో ఎక్కువ భాగం పట్నాల్లో ఉంటుంది, పట్నంలో స్కూలు దగ్గర. దస్తఖత్ చేయగలిగినంత చదువు దొరుకుతుంది. ఆ తర్వాత గ్యారేజీ పిలుస్తుంది.

ఇక ఉస్తాదుల సంగతి. 2009 విద్యాహక్కు చట్టం ప్రైమరీలో 30 మంది పిల్లలకు ఒక టీచర్ అంటుంది. డీఎస్సీలో ఉర్దూ మీడియం పోస్టులకూ ఎస్సీ, ఎస్టీ రోస్టర్ వర్తిస్తుంది. రిజర్వేషన్ హక్కు, దాని మీద నాకు షికాయత్ లేదు. కానీ ఉర్దూ మీడియంలో చదివిన ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులు దాదాపు దొరకరు. పోస్టు ఎవరికీ దక్కదు, ఖాళీగా తర్వాతి డీఎస్సీకి వెళ్తుంది, మళ్లీ ఖాళీ. ఒకే ఉస్తాద్ ఒకే గదిలో ఐదు జమాతులు చూసుకుంటాడు. ఆ గది నుంచి వచ్చిన మార్కుల్ని పిల్లల దిమాగ్‌కు కొలతగా పెడుతున్నాం.

2016లో తెలంగాణలో 71 మైనారిటీ గురుకులాలు మొదలయ్యాయి, తర్వాత 204 అయ్యాయి. అన్నీ ఇంగ్లీషు మీడియం. ఎన్నో ఇళ్లకు అది రహ్మత్, కాదనను. కానీ అవి ఐదో జమాత్ నుంచే. మొదటి నాలుగేళ్ల పునాది మొహల్లా ప్రైమరీ స్కూలులోనే పడాలి.

రిజిస్టర్ మూశాక సద్ర్ సాబ్ అడిగారు, "మీ బిటియా ఎక్కడ చదువుతోంది?" ఇంగ్లీషు మీడియం ప్రైవేటులో. చెప్పడానికి నోరు రాలేదు, అయినా చెప్పాను. వెళ్లిపోయిన గుమాస్తాల వరసలో నేనూ ఉన్నాను.

అందుకే మీ పిల్లల్ని ఉర్దూ స్కూలులోనే వేయండని నసీహత్ ఇచ్చే ముఖం నాకు లేదు. ఒక్క పని మాత్రం చేయగలం. అదే చట్టం ప్రకారం ప్రతి సర్కారీ స్కూలుకూ ఒక కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, మొత్తం సభ్యుల్లో సగం ఔరతులు. ఆటో నడిపే అబ్బాకు మీటింగుకు రావడానికి ఫుర్సత్ దొరకదు, అమ్మీకి దరఖాస్తు రాయడం రాదు. మనం వెళ్లి రాసిపెట్టవచ్చు: మా స్కూలులో పోస్టులు ఎన్ని, ఖాళీ ఎన్ని, ఎప్పటి నుంచి? మా కస్బా స్కూలు కోసం మొదటి దరఖాస్తు రాసి సద్ర్ సాబ్ చేతికి ఇచ్చి వచ్చాను.