నాతిఖ్, గైర్ నాతిఖ్

తొమ్మిదో తరగతి చదివే మా బేటీ మొన్న రాత్రి లెక్కల పుస్తకం పట్టుకొచ్చింది. "అబ్బా, √9, √2, 22/7, π... వీటిలో ర్యాషనల్ ఏవి, ఇర్రేషనల్ ఏవి?"

నా నోటికి ముందుగా ఉర్దూ మీడియం మాటలే వచ్చాయి: నాతిఖ్, గైర్ నాతిఖ్. నవ్వింది. "అంకెలు మాట్లాడతాయా?"

మాట్లాడతాయనే మన బుజుర్గులు అన్నారు. నాతిఖ్ అంటే మాట్లాడేది. మంతిఖ్, అంటే తర్కం, పుట్టింది కూడా ఈ నుత్ఖ్ నుంచే. గ్రీకుల 'లోగోస్' కూడా ఇలాంటిదే: మాటా అదే, నిష్పత్తీ అదే. రెండు పూర్ణాంకాల నిష్పత్తిగా చెప్పగలిగిన సంఖ్య మాట్లాడుతుంది. చెప్పలేనిదాన్ని అరబ్బీలో 'అసమ్' అన్నారు, అంటే చెవిటిది. 12వ శతాబ్దంలో టోలెడోలో క్రెమోనా జెరార్డ్ అరబ్బీ కితాబులను లాటిన్‌లోకి తర్జుమా చేసినప్పుడు అది 'సుర్డుస్' అయింది. ఇంగ్లిష్ మీడియం పిల్లలు చదివే 'సర్డ్' అదే.

పేరు చెవిటిదని పెట్టినా వెలి మాత్రం వేయలేదు. అల్‌జబ్ర్‌లో అల్ ఖ్వారిజ్మీ తర్వాతి తరంవాడైన మిస్ర్ హిసాబీ అబూ కామిల్, వర్గ సమీకరణాలకు ఇలాంటి సంఖ్యలనూ జవాబులుగా ఒప్పుకున్నాడు.

తెలుగులో నేను బోల్తా పడ్డాను. డిగ్రీ తర్వాత ఓ పోటీ పరీక్షలో 'అకరణీయ సంఖ్య' అని కనిపించింది. ముందు 'అ' ఉంది కదా, ఇదే గైర్ నాతిఖ్ అనుకుని √2కి టిక్ పెట్టాను. గలత్! శుల్బ సూత్రాల కాలం నుంచీ 'కరణి' అంటే వర్గమూలం లాంటిది. కాబట్టి కరణీయమే గైర్ నాతిఖ్, అకరణీయమే నాతిఖ్. ఉర్దూలో 'కాదు' ఒకవైపు ఉంటే తెలుగులో రెండోవైపు ఉంది.

ఇక బేటీ సవాల్. √9 అంటే 3, నాతిఖ్. వర్గమూలం గుర్తు చూసి భయపడొద్దు. 22/7 భాగిస్తే 142857 మళ్లీ మళ్లీ వస్తుంది, అదీ నాతిఖే. π దానికి దగ్గరే గానీ అది కాదు. దాని దశాంశాలు ఆగవు, ఒకే వరసలో తిరిగీ రావు. √2 కూడా అంతే.

అన్నీ రాసుకుని, "నాతిఖ్ ఉర్దూలో ఎలా రాస్తారు?" అంది. నూన్, అలిఫ్, తోయ్, ఖాఫ్ రాసి చూపించాను. బొమ్మని చూసినట్టు చూసింది. తనకు ఉర్దూ హర్ఫ్‌లు రావు. నేర్పని కసూర్ నాదే.