హ-క-మ: ఒక అరబ్బీ ధాతువు అర్థచరిత్ర

హ-క-మ అరబ్బీలో మూడు హల్లుల ధాతువు. తెలుగువారికి ఇది మరీ పరాయిది కాదు. అధికారులు జారీ చేసే ‘హుకుం’, యునానీ వైద్యం చేసే ‘హకీం’ దీని నుంచి పుట్టి పారసీ, ఉర్దూల మీదుగా మనకు చేరిన మాటలే. అరబ్బీలో హల్లులు నిలిచి ఉంటాయి, అచ్చులు మారితే మాట మారుతుంది. దీర్ఘం రెండో అక్షరానికి వస్తే హకీమ్, జ్ఞాని. మొదటి అక్షరానికి వస్తే హాకిమ్, పాలకుడు. హిక్మ అంటే వివేకం, మహ్‌కమ అంటే న్యాయస్థానం, ముహ్‌కమ్ అంటే సందిగ్ధానికి తావు లేకుండా గట్టిగా ఉన్నది. వీటి నడుమ హకమ అనే మాట కూడా ఉంది. గుర్రం దవడలను చుట్టి పట్టే కళ్ళెం భాగానికి అది పేరు. పూర్వపు అరబ్బులు దాన్ని తోలు వారుతోనో నారతోనో చేసుకునేవారు.

ఇన్ని అర్థాలకు మూలం ఒక్కటే, అది ‘నివారణ’ అన్నాడు 1004 ప్రాంతంలో మరణించిన నిఘంటుకారుడు ఇబ్న్ ఫారిస్. తీర్పు అన్యాయాన్ని ఆపుతుంది, కళ్ళెం గుర్రాన్ని ఆపుతుంది, వివేకం అజ్ఞానాన్ని ఆపుతుంది. ఈ వివరణ చాలా అందమైనది, అరబ్బీ లోపలి నుంచి చూస్తే లోటు కనిపించదు. కానీ సోదర భాషలు వేరే సాక్ష్యం చెబుతున్నాయి. అక్కాడియన్‌లో హకాము అంటే గ్రహించడం. హీబ్రూలో హోఖ్మా, అరమాయిక్‌లో దాని సాటి పదం వివేకానికి పేర్లు. సిరియా తీరాన రాస్ షమ్రాలో 1929 నుంచి బయటపడిన ఉగరిట్ మట్టిపలకల్లో ఇదే ధాతువుతో ఎల్ దేవుణ్ణి వివేకిగా కొనియాడారు. ఆ పలకలు క్రీస్తుకు వెయ్యేళ్ళకు పైగా ముందువి. ఇబ్న్ ఫారిస్‌కు అవి అందే అవకాశమే లేదు. ఈ భాషల్లో ధాతువు ముఖ్యార్థం తెలివే, కళ్ళెం కాదు. కాబట్టి ‘తెలియడం’ పాతది, ‘ఆపడం’ అరబ్బీలో తరవాత మొలిచిన కొమ్మ అనుకోవడమే సబబు.

వస్తువు పేరు ముందు పుడుతుంది, భావం తరవాత వస్తుంది కదా, తెలుగులోనూ కళ్ళెం వేయడమంటే అదుపు చేయడమే కదా అని అడగవచ్చు. ఉమయ్యద్ కాలపు కవి జరీర్ కూడా ఈ ధాతువును అదుపు చేయడమనే అర్థంలో వాడాడు. అయితే ఆ వాడుక అర్థం ఉందని చెబుతుందే గాని, అదే మొదటిదని చెప్పదు. వస్తువు నుంచి భావానికి నడవడం తరచు జరిగేదే, తప్పనిసరి నియమం కాదు. హిక్మ అరమాయిక్ నుంచి అరువు వచ్చిందని కొందరు పండితుల మాట. అది నిజమైతే రెండు అర్థాలకు రెండు పుట్టుకలు ఉన్నట్టే, ఏకమూల వాదం ఇంకా బలహీనపడుతుంది.

తెలివిని తీర్పుతో కలిపే లంకె ‘హకమ్’ అనే మనిషిలో దొరుకుతుంది. ఇస్లాంకు ముందు అరబ్బు తెగల్లో తగవు తీర్చే మధ్యవర్తి అతను. అతని వెనక సైన్యం లేదు, చెరసాల లేదు. వివేకి అన్న పేరే అతని బలం. ఆలుమగల తగవులో ఇరువైపుల నుంచీ ఒక్కో హకమ్‌ను పెట్టమని ఖురాన్ నాలుగో అధ్యాయం చెబుతుంది. 657లో సిఫ్ఫీన్ యుద్ధం ఆగాక ఖలీఫా అలీ, అతన్ని ఎదిరించిన సిరియా పాలకుడు ముఆవియా పక్షాలు అలాగే చెరొక మధ్యవర్తిని ఒప్పుకున్నాయి. అలీ సేనలో ఒక వర్గం మాత్రం హుకుం దేవుడొక్కడిదే, మనుషులకు వదలరాదని విడిపోయింది. ఒక పక్షానికి ఈ ధాతువు మనుషులు కుదిర్చే తీర్పు, మరో పక్షానికి ఎవరూ పంచుకోలేని అధికారం. హుకూమత్ అన్న మాట ‘ప్రభుత్వం’ అనే అర్థంలో స్థిరపడింది మాత్రం ఇంకా చాలా ఆలస్యంగా, ఒట్టోమన్ల కాలంలో.