సూపర్‌చార్జర్‌కి ఒక నంబరు

కాలిఫోర్నియాలో స్పోర్ట్స్ కారుకి సూపర్‌చార్జర్ బిగించుకోనిస్తారా అని ప్రొద్దుటూరు నుంచి మేనల్లుడు ఫోన్‌లో అడిగాడు. బిగించుకోవచ్చు గానీ ఆ కిట్‌కి ఒక నంబరుండాలన్నాను. "నంబరు యాడిస్తారు మామా, ఆర్టీవో ఆఫీసులోనా?" అన్నాడు. జవాబు చెప్పాలంటే 1943 దాకా పోవాల్సి వచ్చింది.

ఆ జులైలో లాస్ ఏంజెలెస్ మీద కళ్లు మండించే పొగ దిగింది. యుద్ధకాలం కదా, జపాన్‌వాళ్లు విషవాయువు వదిలారని జనం హడలిపోయారు. తర్వాత నింద సింథటిక్ రబ్బరుకు సరుకు చేసే ఒక ఫ్యాక్టరీ మీద పడింది. దాన్ని ఆపించినా పొగ పోలేదు. అసలు దొంగను పట్టినవాడు కాల్‌టెక్‌లో అనాసపండు వాసన మీద పనిచేస్తున్న డచ్ రసాయన శాస్త్రవేత్త ఏరీ హాగెన్‌స్మిట్. కార్ల పొగలోని హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండ తగిలి ఓజోన్ పుట్టిస్తున్నాయని 1950ల మొదట్లో తేల్చాడు. ఓజోన్‌కి రబ్బరు పగులుతుంది. వంచిన రబ్బరు ముక్కను గాలికి పెట్టి, ఎంతసేపట్లో బీటలు వారిందో చూసి ఓజోన్ లెక్క కట్టేవారు. రాష్ట్రం 1966లో కార్ల పొగకు హద్దులు పెట్టింది, 1967లో ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఏర్పాటు చేసింది. దానికి మొదటి ఛైర్మన్ ఆయనే.

అదే లాస్ ఏంజెలెస్‌లో కార్ల పందేల పిచ్చి కూడా పుట్టింది. వేసవిలో నెర్రెలిచ్చిన మన చెరువుల్లాంటివే, మొహావి ఎడారిలో మైళ్ల కొద్దీ ఎండు సరస్సులున్నాయి. 1930ల్లో కుర్రాళ్లు పాత ఫోర్డ్‌ల మడ్‌గార్డులు ఊడదీసి మ్యూరాక్ సరస్సు మీద పందేలు పెట్టుకునేవారు. 1937లో వాళ్ల క్లబ్బులన్నీ కలిసి సంఘం పెట్టుకున్నాయి. ఇంజన్‌కి ఊపునిచ్చే సామాన్ల వ్యాపారం అక్కడే వేళ్లూనింది. పూర్తిగా వద్దంటే అదంతా దొంగచాటుగా నడిచేదని నా లెక్క.

అందుకే నంబరు. ఇక్కడి వెహికల్ కోడ్ 27156వ సెక్షన్ పొగ అదుపు సామగ్రిని పాడుచేసే మార్పులేవీ ఒప్పుకోదు. కిట్ తయారీదారు పరీక్షలు చేయించి, పొగ పెరగలేదని బోర్డుకు రుజువు చేస్తే ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ ఇస్తుంది. ఆ నంబరున్న స్టిక్కర్ బానెట్ కింద ఉండాలి. రెండేళ్లకోసారి జరిగే స్మాగ్ చెక్‌లో మెకానిక్ టార్చిలైటు వేసి దాన్ని వెతుకుతాడు. లేకపోతే పొగ ఎంత శుభ్రంగా ఉన్నా ఫెయిలే. ఇండియాలో మన మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తీరు వేరు. కంపెనీ ఇచ్చిన రూపానికి భిన్నంగా బండిని మార్చకూడదంటుంది, 2019లో సుప్రీంకోర్టూ అదే చెప్పింది.

ఇంజన్‌లోకి ఎక్కువ గాలి తోసే యంత్రం పొగ పెంచకుండా ఎలా ఉంటుంది? సూపర్‌చార్జర్ బెల్టుతో తిరుగుతూనే ఉంటుంది. మామూలుగా నడిపేటప్పుడు బైపాస్ వాల్వు తెరుచుకుని, తోసిన గాలి మళ్లీ వెనక్కే పోతుంది. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితేనే వాల్వు మూసుకుని గాలి ఇంజన్‌లోకి దూసుకెళ్తుంది. దానికి తగ్గ పెట్రోలు లెక్క కిట్‌తో వచ్చే ప్రోగ్రాంలో ఉంటుంది. కంపెనీ బిగించిన క్యాటలిటిక్ కన్వర్టర్ కదలకూడదు.

ఆర్డరు ఏ మోడలుకు, ఏ ఏళ్లకు ఇచ్చారో వాటికే చెల్లుతుంది. పుల్లీ సైజు కూడా అందులో భాగమే. చిన్న పుల్లీ వేస్తే ఒత్తిడి పెరుగుతుంది, నంబరు పోతుంది. స్మాగ్ చెక్ ముందురోజు రాత్రి గరాజులో పాత పుల్లీ మళ్లీ బిగించేవాళ్లున్నారు. వాళ్లలో మన సీమవాళ్లూ ఉన్నారు.