ఎర్రదిబ్బల ఉప్పు కథ

ఇంగ్లండు తూర్పు తీరాన, కోల్చెస్టరుకు దక్షిణంగా, మెర్సీ అనే దీవి ఉన్నది. పెద్ద పోటు వచ్చినప్పుడు అక్కడికి వెళ్ళే దారి మునిగిపోతుంది. 'స్ట్రూడ్' అనే ఆ దారి కింద 1978లో బయటపడిన ఓక్ దుంగలు క్రీ.శ. 684–702 మధ్య నరికినవని పరీక్షలలో తేలింది. ఈస్టరు సెలవులలో మేము పిల్లలతో వెళ్ళి చూసినది అంతకంటె పాత చరిత్ర.

ఎసెక్స్ తీరంలో మూడు వందలకు పైగా 'ఎర్రదిబ్బలు' గుర్తించారు. వాటిలో కొన్ని మెర్సీలో ఉన్నవి. పేరు వినగానే మనకు భీమిలి ఎర్రమట్టి దిబ్బలు గుర్తుకొస్తాయి. అవి ప్రకృతి పోసినవి. ఇవి మనుషుల కష్టం పోసినవి. రోమనులు రాకముందు నుంచీ, వారి ఏలుబడిలోనూ, ఇక్కడివారు పోటునీటిని గుంటలలో నిలవబెట్టి, మట్టిపాత్రలలో పోసి, కింద మంటపెట్టి కాచేవారు. లీటరు సముద్రపు నీటిలో ఉప్పు సుమారు 35 గ్రాములే. తక్కినదంతా ఆవిరి కావలసిందే. పగిలిన పాత్రలు, కాలిన మట్టి, బూడిద పోగుపడి దిబ్బలైనవి. తరువాతి రైతులు ఆ మట్టిని పొలాలకు తోలుకోగా, నాగళ్ళు దున్నగా చాలా దిబ్బలు చదునైపోయినవి. మాకు కనిపించినది చేలో ఒక ఎర్రని మచ్చ, కొన్ని పెంకులు.

మన నౌపడా, చినగంజాం ఉప్పుమళ్ళలో ఈ కాపు పని సూర్యుడే చేస్తాడు. అయినా ఆ ఉప్పు మనవారికి చవకగా దక్కలేదు. ఇంగ్లండులో ఉప్పుపన్ను 1825లో ఎత్తివేశారు; వారు ఏలిన మన దేశంలో అది 1947 దాకా సాగింది. పైగా చెషైరు ఉప్పు ఓడలలో కలకత్తాకు వచ్చి అమ్ముడుపోయింది.

వైద్యులముగా మేము రోజూ "ఉప్పు తగ్గించండి" అనే చెబుతాము. కాని ఎండలో చెమటోడ్చే కూలివానికి, విరేచనాలతో వాడిపోయిన పసిబిడ్డకు ఉప్పు రుచి కాదు, ప్రాణం. దానిమీద పన్ను అంటే ఏమిటో తెలిసిన డాక్టరు ఒకరు మనకు ఉన్నారు. 1930లో బందరు సముద్రతీరాన ఉప్పు చట్టాన్ని ధిక్కరించి జైలుకు వెళ్ళిన భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు వృత్తిచేత వైద్యులే.

మన పిల్లలు ఇక్కడి బడిలో రోమనుల ఉప్పు గురించి నేర్చుకుంటారు. బందరు ఉప్పు గురించి ఇంట్లో మనమే చెప్పవలె. మెర్సీ వెళ్ళేవారు ఆటుపోట్ల వేళలు ముందుగా చూసుకోండి. దిబ్బలు చాలావరకు సొంత పొలాలలో ఉన్నవి కనుక కాలిబాట దాటకండి. పెంకులు ఏరుకొని తేకండి.