కాలం ఎవరి చేతిలో: పులిజూదం, తోలుబొమ్మలాట, దళపోరాట వీడియో గేములు – ఒక పరిశీలన

ప్రస్తావన

కల్పిత వీరగాథల నేపథ్యంలో ఒక్క ఆటగాడే అనేక పాత్రలున్న దళాన్ని నడిపించే వీడియో గేములను రోల్ ప్లేయింగ్ గేములలో ప్రత్యేక శాఖగా పరిగణిస్తారు. కత్తిపట్టే యోధుడు, మాంత్రికుడు, విలుకాడు, గాయాలు మాన్పే అర్చకుడు వంటి వేర్వేరు శక్తులున్న పాత్రలన్నిటి తరఫునా ఒక్కరే ఆలోచించవలసి రావడం వల్ల, పోరు ఎంత వేగంగా సాగాలి, ఎక్కడ ఆగాలి అన్నది ఈ ఆటల రూపకర్తలకు మొదటినుంచీ చిక్కుప్రశ్నగా ఉంది. రాయలసీమలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలకు పరిచితమైన పులిజూదం, తోలుబొమ్మలాటలతో పోల్చి ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. పోరు వేగం కంటే, ఆగిన ప్రతిచోటా తీసుకోవలసిన నిర్ణయం బరువే ఆట గమనాన్ని నిర్దేశిస్తుందన్నది దీని ప్రతిపాదన.

పులిజూదం: వంతుల పోరు

రాయలసీమ రచ్చకట్టల మీద సాగిన పులిజూదంలో, సాధారణ రూపాన్ని బట్టి, గీతలు కలిసే 23 చోట్ల మీద 3 పులులు, 15 మేకలు తలపడతాయి. మేకలన్నీ పటం మీదికి వచ్చేదాకా ఒక్క మేకా కదలరాదు; ఎత్తుకొక మేకను పెడుతుండగా పులులు మాత్రం ఖాళీలున్న మేరకు తిరుగుతుంటాయి. పులి పక్కనున్న మేకకు సరిగ్గా వెనుక, అదే గీత మీద ఖాళీ ఉంటే పులి దూకి ఆ మేకను తింటుంది కనుక, కొత్త మేకను పెట్టే ఆటగాడు దాని క్షేమంతోపాటు అంతకుముందు పెట్టిన మేక వెన్ను కాయడమూ చూసుకోవాలి. ఒక్క మేకా పోకుండా పదిహేనూ దిగితే పటంలో మిగిలే ఖాళీలు 5 మాత్రమే. పులులు కదలలేని స్థితి వస్తే గెలుపు మేకలదే. ఇందులో గడియారం లేదు, ఎంతసేపైనా ఆలోచించవచ్చు; అయినా ఆట చప్పబడకపోవడానికి కారణం, వృథా ఎత్తుకు చోటు లేకపోవడమే.

తోలుబొమ్మలాట: సూత్రధారి చేతి కాలం

ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట తోలుబొమ్మల కళకు పేరెన్నికగన్న గ్రామం. అక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఈ ఆటలో వీరులు తెరమీద ఎదురుపడగానే కలబడరు. ముందు పద్యం, సంవాదం నడుస్తాయి, తరువాత మృదంగం జోరందుకుంటుంది, ఆడించేవారి కాళ్ళ కింది చెక్కలు మోగుతుండగా బొమ్మలు ఢీకొంటాయి, మళ్ళీ మాట మొదలవుతుంది. కథ నడుమ కేతిగాడు, బంగారక్క వచ్చి నవ్విస్తారు. రావణుడు ఓడతాడని ప్రేక్షకుడికి ముందే తెలుసు కనుక ఇక్కడి విరామం వ్యూహం కోసం ఏర్పడింది కాదు, రసపోషణ కోసం ఏర్పడింది. కాలం పూర్తిగా బొమ్మలాడించేవారి అధీనంలో ఉంటుంది.

వీడియో గేములు: ఆపగలిగే కాలం

జపాన్‌లో 1991లో వచ్చిన ‘ఫైనల్ ఫాంటసీ 4’ ప్రతి పాత్రకూ వంతు విడివిడిగా పండే పద్ధతిని ప్రవేశపెట్టి, ఆలోచిస్తున్న ఆటగాడి మీద కాలపు ఒత్తిడిని తెచ్చింది. బయోవేర్ సంస్థ రూపొందించగా 1998లో విడుదలైన ‘బాల్డర్స్ గేట్’ మరో దారి తొక్కింది: ఆరుగురు సభ్యుల దళం ఆగకుండా పోరాడుతుంది, కానీ ఆటగాడు కోరినప్పుడు పాజ్ చేసి, అంటే కాలాన్ని నిలిపి, అందరికీ ఆజ్ఞలివ్వవచ్చు, శత్రువు కంటపడినప్పుడో, పాత్ర గాయపడినప్పుడో ఆట తనంతట తానే ఆగేలా అమర్చుకోవచ్చు. అయితే ఈ అధికారానికి హద్దుంది. గుమ్మంలో ఇద్దరు కవచధారులను నిలిపి, వెనుకనుంచి మాంత్రికుడిచేత అగ్నిగోళం వేయించాలని ఆజ్ఞాపించి పాజ్ తీసేస్తే, మంత్రం పూర్తయ్యే క్షణాల్లోనే శత్రువులు చొచ్చుకొచ్చి, ఆ మంట సొంత దళాన్నీ కాల్చవచ్చు. ఆజ్ఞకూ ఫలితానికీ నడుమ కాలం దొర్లడమే ఈ పద్ధతిలోని ఉత్కంఠ, చిరాకు కూడా. ‘డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్’ (2009) ఈ చిరాకును తగ్గించడానికి, ఫలానా స్థితి వస్తే ఫలానా పని చేయాలన్న షరతుల పట్టికను ప్రతి పాత్రకూ ముందే రాసుకునే వీలు కల్పించింది.

తరువాతి కాలంలో మొగ్గు వంతుల వైపు తిరిగింది. 2018లో వచ్చిన ‘పిల్లర్స్ ఆఫ్ ఎటర్నిటీ 2’కు మరుసటి ఏడాదే వంతుల పద్ధతిని అదనంగా చేర్చారు, 2023 నాటి ‘బాల్డర్స్ గేట్ 3’ పాత పద్ధతిని పూర్తిగా వదిలి, నలుగురి దళంతో వంతుల పోరునే స్వీకరించింది. ఈ మార్పు ఊరికే కుదిరేది కాదు. ఆగకుండా సాగే పోరులో అల్పశత్రువుల గుంపు పాజ్ అవసరమే లేకుండా క్షణాల్లో తుడిచిపెట్టుకుపోతుంది. అదే గుంపును వంతుల్లోకి తెస్తే ప్రతి అల్పుడి వంతుకూ వేచి ఉండవలసి వచ్చి విసుగు పుడుతుంది. అందువల్ల వంతులను ఎంచుకున్న రూపకర్త పోరాటాల సంఖ్య తగ్గించి, ఒక్కొక్కదానిలో ఎత్తుపల్లాలు, అడ్డంకులు, పలు మార్గాలు సమకూర్చక తప్పదు.

ముగింపు

కాలం పులిజూదంలో ఆటగాళ్ళది, తోలుబొమ్మలాటలో ఆడించేవారిది. పాజ్ ఉన్న గేములో అది యంత్రానికీ ఆటగాడికీ ఉమ్మడి ఆస్తి. కనుక ఏ పద్ధతి మేలన్న వాదం కంటే, ఎంచుకున్న పద్ధతికి తగిన పోరాటాలను కల్పించారా అన్నదే సరైన విమర్శనా ప్రమాణం. గేముల రూపకల్పన నేర్చుకుంటున్న తెలుగు విద్యార్థులు ముందుగా పులిజూదం పటాన్ని ఎత్తు ఎత్తుగా విశ్లేషించడం అవసరం. తక్కువ నియమాలతో ప్రతి విరామానికీ బరువు తేవడంలో అంతకు మించిన పాఠ్యం అందుబాటులో అరుదు.