మాంట్రియల్ రూలు నల్లమలకి ఎలా వస్తుంది?

2009 సెప్టెంబరు 2, బుధవారం. పొద్దున 8:38కి బేగంపేట నుంచి బెల్ 430 హెలికాప్టర్ ఒకటి చిత్తూరు జిల్లాకి బయల్దేరింది. రిజిస్ట్రేషన్ వీటీ-ఏపీజీ. అందులో అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖర రెడ్డి, ఆయన కార్యదర్శి, భద్రతాధికారి, ఇద్దరు పైలట్లు, మొత్తం ఐదుగురు. తొమ్మిదిన్నర కాకముందే జాడ తెలియకుండా పోయింది. వైమానిక దళం, సీఆర్పీఎఫ్, ఇస్రో అందరూ వెతికితే మర్నాడు పొద్దున నల్లమలలో పావురాలగుట్ట దగ్గర శకలాలు కనిపించాయి. ఎవరూ బతకలేదు.

ఆ తర్వాత మనం విన్న కథలు రెండే. ఒకటి కుట్ర, ఇంకోటి విధి. టీ కొట్టు దగ్గరైనా, టీవీ స్టూడియోలోనైనా ఈ రెండిటి మధ్యే వాదన. మూడో కథ ఒకటుంది, రూల్స్ కథ. అందులో విలన్ లేడు, దేవుడూ లేడు కాబట్టి దాన్నెవరూ పెద్దగా పట్టించుకోలేదు. కానీ స్పెసిఫికేషన్ ఒక దేశంలో రాసి, కోడ్ ఇంకో దేశంలో కొట్టి, మరెక్కడో కస్టమర్ దగ్గర నడిపించే మనలాంటి వాళ్లకి ఈ కథ త్వరగానే అర్థమవుతుంది.

ముందు ఒక చిన్న సంగతి. ప్రమాదం జరగ్గానే విలేకరులు డీజీసీఏ వెబ్‌సైట్ తెరిచి చూశారు. ఈ హెలికాప్టర్ ఎయిర్‌వర్దీనెస్ సర్టిఫికెట్‌కి 2007లోనే గడువు ముగిసినట్టు అక్కడ ఉంది. దేశమంతా గగ్గోలు. తర్వాత డీజీసీఏ వాళ్లు చెప్పిందేంటంటే, సర్టిఫికెట్ చెల్లుబాటులోనే ఉంది, వెబ్‌సైట్‌లో పట్టికే అప్‌డేట్ అవ్వలేదు అని! అంటే ఒక విమానం ఎగరడానికి పనికొస్తుందో లేదో చెప్పే సమాచారం ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉందన్నమాట. ప్రమాదానికి దీనికీ సంబంధం లేదు. కానీ కాగితం మీదున్నదీ, గాల్లో ఉన్నదీ ఎప్పుడూ ఒకటే కానక్కర్లేదని ఆరోజే తెలిసింది.

సరే, అసలు ఈ రూల్స్ ఎక్కడ పుడతాయి?

1944లో, రెండో ప్రపంచ యుద్ధం ఇంకా నడుస్తుండగానే, చికాగోలో దేశాలన్నీ కూర్చున్నాయి. యుద్ధం అయ్యాక విమానాలు దేశాల మధ్య ఎలా తిరగాలన్నది విషయం. డిసెంబరు 7న 52 దేశాలు ఒప్పందం మీద సంతకం పెట్టాయి. మనకి స్వాతంత్ర్యం రాకపోయినా వాటిలో ఇండియా కూడా ఉంది. 1947 మార్చి 1న ఇండియా దాన్ని ధ్రువీకరించింది, ఏప్రిల్ 4 నుంచి ఒప్పందం అమల్లోకి వచ్చింది. అప్పుడు పుట్టిన సంస్థే ఐకావో, ఆఫీసు కెనడాలోని మాంట్రియల్‌లో.

ఐకావో రూల్స్ అనుబంధాల రూపంలో ఉంటాయి. ఇంగ్లీషులో అనెక్స్ అంటారు. ఇప్పుడు 19 ఉన్నాయి. పైలట్ లైసెన్సులు ఒకదాన్లో, వాతావరణ సమాచారం ఒకదాన్లో, విమానం నడపడం గురించి ఆరోదాన్లో, ప్రమాద దర్యాప్తు గురించి పదమూడోదాన్లో. ఒక కొత్త రూలు రావాలంటే ముందు నిపుణులు ముసాయిదా రాస్తారు, దాన్ని ఉత్తరంగా అన్ని దేశాలకీ పంపి అభిప్రాయం అడుగుతారు, చివరికి కౌన్సిల్‌లో మూడింట రెండొంతుల ఓట్లు పడితే ఆమోదం. ఇందులో రెండు రకాలున్నాయి. ఒకటి 'చెయ్యాల్సిందే', రెండోది 'చేస్తే మంచిది'. ఆ ఒక్క క్రియాపదం తేడా మీద ఎన్ని కోట్ల రూపాయలు ఆధారపడి ఉంటాయో ఒకసారి ఊహించుకోండి.

ఇక్కడో తమాషా ఉంది. ఐకావో దగ్గర పోలీసుల్లేరు, జరిమానాలూ లేవు. ఒప్పందంలో 38వ అధికరణం ప్రకారం ఏ దేశమైనా 'ఈ రూలు మాకు కుదరదు, మా దగ్గర తేడా ఇదీ' అని రాసి పంపొచ్చు. మన రిలీజ్ నోట్స్‌లో 'తెలిసిన లోపాలు' అని ఒక జాబితా పెడతామే, అలాంటిదే. పైగా ఇవన్నీ అంతర్జాతీయ ప్రయాణాల కోసం రాసినవి. బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకి వెళ్లే హెలికాప్టర్ మీద మాంట్రియల్‌కి నేరుగా ఏ అధికారమూ లేదు. దాన్ని దేశంలోపలికి తెచ్చుకోవడం మన పని.

మనం ఎలా తెచ్చుకున్నాం? 1934 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ చట్టం, 1937 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్. రెండూ ఐకావో కంటే పెద్దవే, వయసులో :) వాటి కింద డీజీసీఏ జారీ చేసే నిబంధనల్ని సీఏఆర్ అంటారు. ఆరో అనుబంధంలో మొదటి మూడు భాగాలు ఇవీ: డబ్బు తీసుకుని నడిపే విమానాలు, సొంతానికి వాడే విమానాలు, హెలికాప్టర్లు. మన సీఏఆర్‌లో ఎనిమిదో సెక్షన్, ఓ సిరీస్ తీస్తే రెండు, మూడు, నాలుగు భాగాలు సరిగ్గా వాటికే. అప్‌స్ట్రీమ్ నుంచి తెచ్చుకుని మన రిపాజిటరీలో పెట్టుకున్నట్టు. ఇందులో తప్పేమీ లేదు, అందరూ చేసేది అదే.

అక్కడి నుంచి మూడో మజిలీ ఆపరేటర్. ప్రతి ఆపరేటరూ ఆ నిబంధనల్ని తన విమానాలకీ, తన పైలట్లకీ తగ్గట్టు ఆపరేషన్స్ మాన్యువల్‌గా రాసుకోవాలి. నాలుగో మజిలీ కాక్‌పిట్. పైలట్ చేతిలో ఉండే చెక్‌లిస్టు. మాంట్రియల్, ఢిల్లీ, బేగంపేట, కాక్‌పిట్: నాలుగు చోట్ల నాలుగు సార్లు తిరగరాస్తే గానీ ఒక రూలు పైలట్ కంటికి చేరదు.

ఇప్పుడు అసలు మెలిక. ఆరో అనుబంధం మనుషుల్ని రెండుగా విడదీస్తుంది. డబ్బు తీసుకుని జనాన్ని మోస్తే కమర్షియల్. దానికి ఆపరేటర్ పర్మిట్టు కావాలి, తనిఖీలు గట్టిగా ఉంటాయి. డబ్బు తీసుకోకుండా సొంత పని మీద ఎగిరితే జనరల్ ఏవియేషన్. దానికి రూల్స్ తేలిక. ఎందుకంటే టికెట్ కొన్నవాడికి విమానం గురించి ఏమీ తెలీదు, వాణ్ని కాపాడాల్సింది ప్రభుత్వం. సొంత విమానంలో ఎగిరేవాడు తన బాగు తనే చూసుకుంటాడు. ఇదీ లెక్క.

మా వైపు ఉదాహరణతో చెప్తాను. మహబూబాబాద్ జిల్లాలో మా గంగారం నుంచి అడవి దాటితే మేడారం. ఈమధ్య జాతరలప్పుడు అక్కడ హెలికాప్టర్ తిప్పుతున్నారు. కొన్ని వేలు కడితే ఏడెనిమిది నిమిషాలు సమ్మక్క సారలమ్మ గద్దెల చుట్టుపక్కలంతా పైనుంచి చూపిస్తారు. అది టికెట్ వ్యవహారం, కాబట్టి నడిపేవాడికి కమర్షియల్ పర్మిట్టు ఉండాల్సిందే. అదే ఒక రాష్ట్ర ప్రభుత్వం సొంతంగా హెలికాప్టర్ కొనుక్కుని తన మంత్రుల్ని తిప్పుకుంటే? అక్కడ టికెట్ లేదు. సైన్యం, కస్టమ్స్, పోలీసు విమానాలకి చికాగో ఒప్పందం వర్తించదు, కానీ ఇది వాటిలోకీ రాదు. వీటీ అని రాసుకున్న పౌర విమానమే. కొనేది ప్రభుత్వం, నడిపేది ప్రభుత్వం, ఎక్కేది ప్రభుత్వం. సొంతదారు తన బాగు తను చూసుకుంటాడన్న ఆ లెక్క ఇక్కడ పనిచేస్తుందా?

ఆ ప్రమాదం మీద అప్పటి పవన్ హంస్ అధిపతి ఆర్.కె. త్యాగి నేతృత్వంలో కమిటీ వేశారు. వాళ్లు తేల్చింది క్లుప్తంగా ఇదీ. దారిలో ట్రాన్స్‌మిషన్ ఆయిల్ వ్యవస్థలో ఏదో లోపం ఉన్నట్టు సూచన వచ్చింది. దాని సంగతేంటో తేల్చుకునే పనిలో చివర్లో ఆరు నిమిషాలకి పైగా పైలట్లు మునిగిపోయారు. అవే నిమిషాల్లో ముందు పెద్ద వర్షపు మేఘాలున్నాయి. వెనక్కి తిరగడం గానీ, దారి మళ్లించడం గానీ జరగలేదు. బలమైన కిందకి లాగే గాలిలో చిక్కుకుని హెలికాప్టర్ అదుపు తప్పి కొండని తాకింది.

ఇక్కడ ఏ రూలు లేదు? వాతావరణం బాగోకపోతే వెనక్కి రావాలన్న రూలు ఉంది. అత్యవసర చెక్‌లిస్టు ఉండాలన్న రూలు ఉంది. ఇద్దరు పైలట్లుంటే ఒకరు సమస్య చూస్తే ఇంకొకరు విమానం చూడాలన్నది ప్రపంచమంతా నేర్పే పాఠం. మాంట్రియల్లో అన్నీ ఉన్నాయి, ఢిల్లీలోనూ ఉన్నాయి. చేరనిది చివరి మజిలీకే.

ఇది ఒక్క సంఘటనైతే దురదృష్టం అనుకోవచ్చు. 2001 సెప్టెంబరులో మాధవరావు సింధియా. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర చేపల చెరువులో కూలిన హెలికాప్టర్లో లోక్‌సభ స్పీకర్ బాలయోగి. 2005లో హర్యానా మంత్రి ఓ.పి. జిందాల్. 2009లో వైఎస్. 2011 ఏప్రిల్లో అరుణాచల్ ముఖ్యమంత్రి దోర్జీ ఖండూ. ఈ విమానాలన్నీ ప్రభుత్వానివి కావు, కొన్ని ప్రైవేటువి, ఒకటి పవన్ హంస్‌ది. కారణాలూ ఒకటి కాదు. కానీ టైము తప్పకుండా సభకి చేరాల్సిన పెద్దమనిషి ప్రయాణం అన్నది మాత్రం వీటిలో చాలావాటికి ఉమ్మడి.

ఆ రోజు ఎవరో పైలట్ల మీద ఒత్తిడి తెచ్చారని నేను అనడం లేదు, దానికి ఆధారం లేదు. కానీ మామూలుగా ఆలోచించండి. ఎయిర్‌లైన్ పైలట్ వాతావరణం బాగోలేదని వెనక్కి తిరిగితే రెండొందల మంది తిట్టుకుంటారు, అంతే. వాళ్లలో ఎవరూ అతనికి బాస్ కాదు. ప్రభుత్వ హెలికాప్టర్లో వెనక సీట్లో ఉన్నది ఆ సంస్థకే యజమాని. అతనికి 'కుదరదు సార్' అని చెప్పే బలం పైలట్‌కి ఎక్కడి నుంచి రావాలి? కాగితం నుంచి రాదు. కాగితం వెనక నిలబడే ఇంకొకడి నుంచి రావాలి.

ఆ ఇంకొకడు ఎలా పనిచేస్తాడో చూడాలంటే 2014కి రండి. జనవరి 31న అమెరికా ఎఫ్‌ఏఏ మన దేశాన్ని కేటగిరీ రెండుకి దించేసింది. అంతకుముందు 2012 చివర్లో ఐకావో ఆడిట్ కూడా మన దగ్గర లోపాలు ఎత్తి చూపింది. ముఖ్యమైన ఫిర్యాదు రూల్స్ గురించి కాదు, వాటిని తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్లు సరిపడా లేరని. ఎయిర్ ఇండియా, జెట్ ఎయిర్‌వేస్ అమెరికాకి కొత్త సర్వీసులు వెయ్యలేని పరిస్థితి. ఏళ్ల తరబడి కదలని ఫైళ్లు కదిలాయి, పోస్టులు మంజూరయ్యాయి. 2015 ఏప్రిల్ 8కల్లా కేటగిరీ ఒకటి తిరిగొచ్చింది. ఐకావో ఆడిట్‌లో మన స్కోరు 2018లో 57.44 శాతం ఉంటే, 2022లో 85.49కి పెరిగింది. పోలీసుల్లేని రూలుకి బలం ఎక్కడి నుంచి వస్తుందో తెలిసిందిగా? ఎవడో ఒకడు 'అయితే మా దగ్గరికి రావద్దు' అనగలిగిన చోట రూలు ఉరుకుతుంది. అనలేని చోట ఫైల్లో కూర్చుంటుంది.

ప్రభుత్వ హెలికాప్టర్ అమెరికా వెళ్లదు. దానికి టికెట్ల వ్యాపారం పోతుందన్న భయం లేదు. అందుకే 85 శాతం స్కోరు చూసి సంబరపడే ముందు, ఆ శాతంలో ముఖ్యమంత్రి హెలికాప్టర్ ఎక్కడుందో అడగాలి.

మార్పులు రాలేదని కాదు. అప్పట్లో నిబంధనలు పెట్టేదీ, దర్యాప్తు చేసేదీ డీజీసీఏనే. మన కోడ్‌ని మనమే టెస్ట్ చేసి మనమే పాస్ చేసుకున్నట్టు. పదమూడో అనుబంధం దర్యాప్తు స్వతంత్రంగా ఉండాలంటుంది, అదీ తప్పు ఎవరిదో తేల్చడానికి కాదు, మళ్లీ జరక్కుండా చూడ్డానికి అంటుంది. 2012లో ప్రమాద దర్యాప్తుకి ఏఏఐబీ వేరే సంస్థగా వచ్చింది, అదే మంత్రిత్వ శాఖ కిందే అయినా. 2025 జనవరి 1 నుంచి 1934 చట్టం పోయి భారతీయ వాయుయాన్ అధినియమ్ వచ్చింది. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిర్ ఇండియా విమానం కూలినప్పుడు, నెల తిరిగేసరికి ప్రాథమిక నివేదిక బయటికొచ్చింది. ఆ ముప్పై రోజుల గడువూ మాంట్రియల్ రూలే. ఆ నివేదిక కారణం తేల్చలేదు గానీ, ఇంధన స్విచ్చుల లాక్ గురించి 2018లో ఎఫ్‌ఏఏ ఇచ్చిన ఒక సూచన తప్పనిసరి కాదు కాబట్టి ఎయిర్ ఇండియా ఆ తనిఖీ చెయ్యలేదని రాసింది. మళ్లీ అదే క్రియాపదం గొడవ: చెయ్యాల్సిందేనా, చేస్తే మంచిదా?

నాకు తోచిన పరిష్కారం పెద్దదేం కాదు. వెనక సీట్లో ఉన్నది ప్రజలు ఎన్నుకున్న మనిషైతే, అతను టికెట్ కొన్నవాడికంటే తక్కువ రక్షణలో ఎగరడం అన్యాయం. ప్రభుత్వ విమానాలన్నిటినీ కమర్షియల్ లెక్కలోనే చూడాలి, తనిఖీలు అలాగే చెయ్యాలి. వెనక్కి తిరగాలా వద్దా అన్న నిర్ణయం పూర్తిగా పైలట్‌దేననీ, అందుకు అతని ఉద్యోగానికి ఏమీ కాదనీ రాతపూర్వకంగా ముఖ్యమంత్రే సంతకం పెట్టివ్వాలి. దీనికి మాంట్రియల్ దాకా వెళ్లక్కర్లేదు, ఢిల్లీ అనుమతీ అక్కర్లేదు. హైదరాబాద్‌లోనో, అమరావతిలోనో ఒక సంతకం చాలు.